ఓరుగల్లుకు దారి బోధన్ మీదుగా

కందకుర్తి దగ్గర మంజీర వచ్చి గోదావరిలో కలుస్తుంది. హరిద్ర కూడా అక్కడే కలుస్తుందంటారు కాబట్టి అది త్రివేణీ సంగమం. పుష్కరాలకు వచ్చేవారికి అది స్నానఘట్టం, బోధన్ ప్రాంతపు రైతుకు మహారాష్ట్ర సరిహద్దు. కంప్యూటర్‌లో వంతులవారీ యుద్ధతంత్రపు ఆటలు ఆడేవారికి అదే పటం చూపిస్తే వాళ్ల కళ్లు ముందుగా నీలిగీతల మీద పడతాయి. ఉత్తరాన గోదావరి, పడమట మంజీర, ఆ రెండింటి మూలలో ఊరు. అక్కడ కోట కట్టుకున్నవాడి మీదికి ఆ రెండు దిక్కుల నుంచి వచ్చే దండు ఏటిలో దిగి దెబ్బలాడాలి. నది దాటుతూ కొట్టే దళానికి బలం తగ్గించే నియమం ఈ ఆటల్లో చాలావాటికి ఉంది. అంటే కాపలా పనిలో సగం నదులే చేసిపెడతాయి. అలాంటి చోటును పట్టుకోవడం ఎలా? ఆటలోకి కొత్తగా దిగినవారు దీనికి సాధారణంగా ఇచ్చే జవాబు ఒకటే: ఇంకా పెద్ద దండు, ఇంకా పెద్ద ఫిరంగి. ఆ జవాబు తప్పని నా వాదన. గోడలున్న నగరం తన దారుల మీద ముందు ఓడిపోతుంది, గోడ మీద ఆ తర్వాత ఓడిపోతుంది. ఆటల లెక్కలు దీనికి కొంత సాక్ష్యం పలుకుతాయి. కందకుర్తికి దక్షిణాన పొరుగునే ఉన్న బోధన్‌లో ఏడు వందల ఏళ్ల కిందట జరిగింది ఇంకా గట్టి సాక్ష్యం.

ఈ ఆటలు తెలియనివారి కోసం రెండు మాటలు. చదరంగంలో లాగే ఇక్కడా ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వేస్తారు, తొందర లేదు. సిడ్ మైయర్ పేరుతో 1991లో వచ్చిన 'సివిలైజేషన్' ఈ కోవలో బాగా పేరున్నది. దాని ఆరో భాగం 2016లో, ఏడోది 2025లో వచ్చాయి. ఐదో భాగం నుంచి పటమంతా ఆరు పలకల గళ్లు. ఒక గడిలో నగరం ఉంటే దాని చుట్టూ ఆరు గళ్లు ఉంటాయి. ఊళ్లు కట్టాలి, పొలాలు వేయాలి, దళాలు తయారుచేయాలి, పొరుగు రాజ్యాన్ని మంచితోనో కత్తితోనో దారికి తెచ్చుకోవాలి. 'టోటల్ వార్' వరసలో పటం మీద నడక వంతులవారీగానే సాగుతుంది, పోరు మాత్రం మనం చూస్తుండగా జరుగుతుంది. ఆట ఏదైనా, దాదాపు అందరూ బోర్లా పడేది మొదటి కోట దగ్గరే. బయట మైదానంలో శత్రువును చితక్కొట్టిన దండు గోడ ముందుకొచ్చి పది వంతుల్లో కరిగిపోతుంది.

ఎందుకు కరిగిపోతుందో 'సివిలైజేషన్' ఆరో భాగంలోని అంకెలు చెబుతాయి. నగరం ఒంటి బలం 200 పాయింట్లు. గోడ ఉంటే దానికి వేరే బలం. గోడ నిలిచి ఉన్నంతసేపు కత్తివీరుల దెబ్బలో 15 శాతమే గోడకు తగులుతుంది. విలుకాండ్ర దెబ్బలో సగం తగులుతుంది. రాళ్లు రువ్వే యంత్రాలకే పూర్తి దెబ్బ. ఆ యంత్రాలకు ఒక లోపం ఉంది: మామూలుగా కదిలిన వంతులో అవి రాయి విసరలేవు. ఈలోగా గోడ మీది నుంచి నగరం వంతుకొకసారి బాణాలు కురిపిస్తూనే ఉంటుంది. ఇక గాయాలు మానే లెక్క చూడండి. శత్రు భూమిలో కదలక కూర్చున్న దళానికి వంతుకు 5 పాయింట్లు తిరిగివస్తాయి. నగరానికి 20. వంతుకు 30 పాయింట్ల దెబ్బ కొట్టగల దండు మీ దగ్గర ఉందనుకోండి. నగరం ఇరవై పూడ్చుకుంటుంది కాబట్టి నికరంగా మిగిలేది పదే. 200 పాయింట్లు అరగదీయడానికి 20 వంతులు పడుతుంది, ఆ ఇరవై వంతులూ మీ దళాలు బాణాలు తింటూ ఉండాలి. అదే నగరాన్ని పూర్తిగా చుట్టుముడితే ఆ ఇరవై పాయింట్ల పూడిక ఆగిపోతుంది. అప్పుడు అదే దండుకు ఏడు వంతులు చాలు. ఒక్క ఫిరంగి కూడా అదనంగా లేదు, మారింది దళాలు నిలబడిన చోటు ఒక్కటే. కొత్తవాళ్లు మూడో యంత్రం కోసం వెనక్కి కబురు పెట్టే సమయంలో అనుభవమున్న ఆటగాడు నగరం వెనక గడిలో ఒక మామూలు బల్లెగాడిని నిలబెడతాడు. చాలామందికి అది దండగ ఎత్తుగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ బల్లెగాడు ఎవరినీ కొట్టడు.

ఎవరినీ కొట్టకుండా గెలవడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. పాత గుళ్ల అరుగుల మీద చెక్కిన పులిమేక గళ్లలో మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి చంపుతుంది. మేక ఎవరినీ చంపలేదు. దానికి చేతనైంది ఖాళీ గడిలో నిలబడటం, పులికి కదిలే దారి లేకుండా చేయడం. బాగా ఆడే మేకలవాడు పులిని వెంటాడడు, పులి దూకడానికి అవసరమైన ఖాళీ గడిని వెతికి మూస్తాడు. ముట్టడి అంటే కూడా ఇంతే. 'సివిలైజేషన్' ఇందులో ఇంకో వెసులుబాటు ఇచ్చింది. చేతిపోరు దళం ఏదైనా తన పక్క గళ్ల మీద కూడా పెత్తనం చేస్తుంది, అందులో అడుగుపెట్టిన శత్రువు అక్కడ ఆగిపోవాలి. కాబట్టి ఆరు గళ్లూ నింపనక్కర్లేదు. మైదానంలో ఎదురెదురుగా నిలబడ్డ రెండు బల్లెపు దళాలు ఆరు గళ్లనూ కట్టేయగలవు. విలుకాండ్రకూ యంత్రాలకూ ఈ పెత్తనం లేదు. అందుకే వాళ్లనే కుప్పగా పోసి ముందుకు తోసేవాడు ఎంత గట్టిగా కొట్టినా చుట్టుముట్టలేడు. 1310లో ఓరుగల్లు ముందు దిగిన ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ దండు కూడా చేసిన మొదటి పని చుట్టూ స్థలం పంచుకోవడమేనని ఆనాటి కవి అమీర్ ఖుస్రో వర్ణన చెబుతుంది. పదేసి వేల దళం ఒక్కోదానికి 1200 గజాలు కొలిచి ఇచ్చారట. తమ గుడారాల చుట్టూ కొయ్యల కంచె కూడా కట్టుకున్నారట. మట్టికోట ఎంత గట్టిదో ఖుస్రో రాసిన తీరు చదివితే ఆ కంచె అవసరం తెలుస్తుంది. బల్లెం దిగదు, యంత్రం విసిరిన రాయి తగిలి వెనక్కి ఎగిరిపడుతుంది. అంత గోడ ముందు నెలల లెక్కన కూర్చోవాల్సినవాడు ముందు తన ఇల్లు కట్టుకోవాలి కదా.

ఆ ఓరుగల్లు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆటల్లో 'మూడు అంచెల గోడలు' అనేదాన్ని ఈ నేల మీద నిజంగా కట్టినవారు కాకతీయులు. లోపలి రాతి ప్రాకారం గణపతిదేవుడి కాలంలో మొదలై రుద్రమదేవి కాలంలో పూర్తయింది. దానికి 45 బురుజులు, చుట్టూ నీటి కందకం. దాని బయట సుమారు రెండున్నర కిలోమీటర్ల అడ్డుకొలతతో మట్టికోట, మళ్లీ కందకం. దానికీ బయట ఇంకా విశాలమైన మట్టి కట్ట. కాఫూర్ మట్టికోటను దాటగలిగాడు కానీ రాతికోటలో అడుగుపెట్టలేదు. కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు ఏనుగులు, గుర్రాలు, ధనం ఇచ్చి సంధి చేసుకున్నాడు, దండు ఢిల్లీకి తిరిగిపోయింది. నగరం పట్టకుండానే కోరింది దక్కించుకోవడం అది. ఆటల్లో ఈ దారి ఉన్నా చాలామంది వాడరు. గోడ సగం కూలగానే ఎదుటివాడు సంధికి వస్తాడు, మంచి బేరం కూడా ఇస్తాడు, అయినా మనవాడికి జెండా పాతనిదే నిద్రపట్టదు.

అసలు పాఠం ఆ తర్వాతి దశాబ్దంలోది. గియాసుద్దీన్ తుగ్లక్ ఢిల్లీ గద్దెనెక్కాక అతని కొడుకు ఉలుగ్ ఖాన్ ఓరుగల్లు మీదికి వచ్చాడు. తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా పేరుపడ్డవాడు ఇతనే. మొదటి దండయాత్రలో అతను నేరుగా ఓరుగల్లును ముట్టడించాడు. ఇంకో సేనాని అబూ రిజా కోటగిరిని ముట్టడిస్తూ ఉండిపోయాడు. ఈ కోటగిరి బోధన్ పక్కనున్న కోటగిరేనని చరిత్రకారులు చెబుతారు. నెలలు గడిచాయి. ఓరుగల్లు లొంగే దశకు వచ్చిందనుకుంటున్న సమయంలో ఢిల్లీ నుంచి వచ్చే అంచె తపాలా ఆగిపోయింది. సుల్తాను చనిపోయాడన్న పుకారు గుడారాల్లో పాకింది. కొందరు సర్దారులు తమ దళాలతో లేచిపోయారు. ఉలుగ్ ఖాన్ వెనుదిరిగితే కాకతీయ సైన్యం వెంటపడి తరిమింది, కోటగిరి దగ్గర అబూ రిజా అడ్డువచ్చి కాపాడాడు. అక్కడి నుంచి దేవగిరికి చేరాడు. గోడ గెలిచిందని అనడానికి లేదు, గోడ అప్పటికే అలసిపోయింది. తెగింది ఢిల్లీకీ ఓరుగల్లుకూ మధ్య దారి.

ఈ కథ చెప్పినవాళ్లలో అందరి మాటా ఒకటి కాదు. ఢిల్లీ చరిత్రకారుడు బరనీ పుకారును, దాన్ని పుట్టించినవాళ్లను తప్పుపడతాడు. పదేళ్ల తర్వాత ఢిల్లీ వచ్చిన యాత్రికుడు ఇబ్న్ బతూతా విన్నది వేరు: ఉలుగ్ ఖానే తండ్రి మీద తిరగబడాలని చూశాడని. ఎవరిది నిజమైనా నా వాదనకు నష్టం లేదు. రెండు కథల్లోనూ ముట్టడి విరిగింది ఓరుగల్లు గోడ దగ్గర ఏదో జరిగినందుకు కాదు, ఢిల్లీతో నమ్మకమైన సంబంధం లేకపోయినందుకు. దీనికి గట్టి రుజువు ఉలుగ్ ఖాన్ మాటల్లో కాక తర్వాతి నడకలో ఉంది. తండ్రి పంపిన కొత్త బలగంతో 1323లో తిరిగొచ్చినప్పుడు అతను ఓరుగల్లుకు నేరుగా పోలేదు. ముందు బీదర్ పట్టుకున్నాడు. తర్వాత మంజీర దాటి బోధన్ పట్టుకున్నాడు. దారిలోని కోటల్లో తనవాళ్లను నిలిపి, తపాలా నడిచే ఏర్పాటు చేసుకుని, అప్పుడు ఓరుగల్లు వైపు కదిలాడు. బోధన్ నుంచి ఓరుగల్లు గీత గీసినట్టు కొలిచినా రెండు వందల కిలోమీటర్ల దూరం. ఓరుగల్లు గోడలో ఒక్క రాయి కూడా కదలకముందే ఆ యుద్ధంలో తూకం మారింది, మార్చింది బోధన్. ఆటగాళ్ల భాషలో చెబితే, మొదటిసారి పెద్ద నగరం మీద కన్నేసి వెనక చిన్న నగరాన్ని శత్రువు చేతిలో వదిలేశాడు. రెండోసారి చిన్న నగరాన్ని తన ఊరు చేసుకున్నాడు. 'సివిలైజేషన్'లో సొంత నేల మీద దళానికి వంతుకు 15 పాయింట్లు, నగరంలోనే ఉంటే 20 పాయింట్లు తిరిగివస్తాయి. గాయపడ్డవాళ్లను వెనక్కి పంపి కోలుకున్నవాళ్లను ముందుకు తేవడానికి దగ్గర్లో ఒక ఊరు చేతిలో ఉంటే ఆ ఐదుకు పదిహేనుకు తేడా యుద్ధాన్నే తేల్చేస్తుంది.

కోట లోపలివైపు కూడా అదే కథకు రెండో సగం ఉంది. ఉలుగ్ ఖాన్ వెళ్లిపోయాక ముప్పు తప్పిందని ప్రతాపరుద్రుడు నమ్మాడని, కోటలో దాచిన ధాన్యాన్ని బయటికి తీయించాడని, కోటలోకి వచ్చిన రైతులు తిరిగి సేద్యానికి పోయారని చరిత్రకారుడు ఇసామీ రాశాడు. తపాలా, రసదు సర్దుకుని శత్రువు తిరిగివచ్చేసరికి లోపల గాదెలు వెలితిగా ఉన్నాయి. అయినా కోట ఐదు నెలలు నిలబడింది. గోడల గొప్పతనానికి అంతకన్నా ఏం కావాలి? మూడు ప్రాకారాలు, నలభై అయిదు బురుజులు ఇవ్వాల్సిన గడువు ఇచ్చాయి. గడువు ఇవ్వడమే గోడ పని. ఆ గడువులో లోపలివాడు తినేది, బయటివాడు తినేది ఎంతుందన్న దాన్నిబట్టి ఫలితం తేలుతుంది. 'టోటల్ వార్' ఆటలు దీన్ని దాచకుండా అంకె వేసి చూపిస్తాయి: ఈ నగరం ఇన్ని వంతులు తట్టుకుంటుంది, ఆ తర్వాత లొంగిపోతుంది. ఆ అంకెను పట్టించుకోకుండా మొదటి వంతులోనే నిచ్చెనలు వేసి లగ్గలెక్కే ఆటగాడు సగం దండును అక్కడే పారబోస్తాడు.

దారులు మూయడం అంటే నగరానికి సాయం వచ్చే సైన్యాన్ని ముందు మైదానంలో ఎదుర్కోవడం కూడా. 1520లో రాయచూరు ముందు కృష్ణదేవరాయలు చేసింది ఇదే. ముట్టడి నడుస్తుండగా బీజాపూర్ సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్ షా స్వయంగా కృష్ణ దాటి వచ్చాడు. రాయలు కోటను పట్టుకుని వేలాడకుండా తిరిగి అతన్ని ఎదుర్కొని మే 19న ఓడించాడు. సాయం రాదని తేలిన కోట మీదికి మళ్లీ వచ్చాడు. అప్పుడు జరిగింది పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. క్రిస్తోవావు దె ఫిగైరేదో అనే పోర్చుగీసువాడు తుపాకీగాళ్లతో వచ్చి గోడ మీద తల ఎత్తినవాళ్లను ఎత్తినట్టే కాల్చాడు. పైనుంచి కొట్టేవాళ్లు లేక కింద గునపాలవాళ్లు గోడ రాళ్లు ఊడబీకారు. కోట అధికారి గోడ మీది నుంచి తొంగిచూస్తూ గుండు తగిలి చనిపోయాడు, మర్నాడు కోట లొంగిపోయింది. దూరం కొట్టేవాడు తలలు దించితే దగ్గర కొట్టేవాడు గోడ తవ్వుతాడు. ఐదు వందల ఏళ్ల తర్వాత ఆటలు నేర్పే జోడీ కూడా ఇదే, రాయచూరులో గునపం ఉన్న చోట ఆటలో గోడను ఢీకొట్టే దూలం ఉంటుంది. అయితే ఈ జోడీని కూడా నేను రెండో స్థానంలోనే పెడతాను. ఆదిల్ షా దండు వెనక నుంచి వస్తూ ఉంటే ఆ గునపాలవాళ్లకు అంత తీరిక దొరికేది కాదు.

ఇక అభ్యంతరాలు. మొదటిది గట్టిది: ముట్టడి చౌకబేరమేమీ కాదు, కూర్చున్నకొద్దీ కూర్చున్నవాడే అరిగిపోతాడు. గోల్కొండ దీనికి తిరుగులేని ఉదాహరణ. 1687 జనవరి చివర్లో ఔరంగజేబు అక్కడ దిగాడు. కోట లోపల తిండి, మందుగుండు పుష్కలం. కరువు బయట మొగలు గుడారాల్లో పడింది. వానలు ముంచెత్తాయి, నది పొంగింది, దారులు బురదయ్యాయి, రోగాలు వచ్చాయి. గోడ కింద సొరంగాలు తవ్వి మందు కూరితే లోపలివాళ్లు కనిపెట్టి కొంత మందు తీసేశారు, కొంత తడిపేశారు. జూన్‌లో అంటించినప్పుడు పేలుడు మొగలు సైన్యం మీదికే తిరిగింది. దేశంలోకెల్లా పెద్ద ఫిరంగి బలగం, బాదుషా స్వయంగా దగ్గరుండి నడిపిన యుద్ధం, ఎనిమిది నెలలు. చుట్టుముట్టి కూర్చోమనే సలహాకు ఇది గొడ్డలిపెట్టు కాదా అని అడగవచ్చు.

నాకలా కనిపించదు. దారుల నియమం ఇద్దరికీ వర్తిస్తుంది, బయటివాడి దారి ముందు తెగితే బయటివాడే ఓడిపోతాడు. ఉలుగ్ ఖాన్ మొదటి దండయాత్ర అదే. ఔరంగజేబు అంత అవస్థలోనూ లేచిపోకపోవడానికి కారణం, ఆలస్యంగానైనా కొత్త మనుషులు, కొత్త ధనం వస్తూ ఉండటం. సొరంగాలు చెడిపోయాక అతను చేయించిన పని చూడండి: కొయ్యతో, మట్టితో కోట చుట్టూ ఇంకో గోడ కట్టించి, రాకపోకలకు కాపలా పెట్టించాడు. చివరికి సెప్టెంబరు 21న కోట ఫిరంగికి లొంగలేదు. అబ్దుల్లా పనీ అనే సర్దారు లంచం తీసుకుని రాత్రివేళ దిడ్డి తలుపు తెరిచాడు. గోల్కొండ సేనాని అబ్దుర్ రజాక్ లారీ ఒళ్లంతా గాయాలతో పడిపోయేదాకా పోరాడాడు కానీ అప్పటికే ఆలస్యమైంది. 'మెడీవల్ 2: టోటల్ వార్' ఆడినవారికి ఇది తెలిసిన ఎత్తే, నగరంలోకి ముందే పంపిన గూఢచారి తలుపు తెరవగలడు. చాలామంది దాన్ని ఆట రాసినవాళ్లు పెట్టిన దొంగదారి అనుకుంటారు. గోల్కొండను తలచుకుంటే అది ఆటలోని అన్ని నియమాల్లోకీ నిజానికి దగ్గరైనది. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి: గూఢచారికి ఫలం దక్కేది ముట్టడి పండిన తర్వాతే. గెలుస్తున్న కోటలోని సర్దారు సాధారణంగా అమ్ముడుపోడు.

రెండో అభ్యంతరం ఆటగాళ్లది: గోడలు లేవకముందే మెరుపుదాడి చేస్తే ఈ గొడవే ఉండదు కదా? నిజమే. ఆట మొదటి యాభై వంతుల్లో రెండు దళాలతో పొరుగు ఊరిని ఎత్తుకెళ్లినవాడు తెలివైనవాడే. కానీ అది కోటను పట్టడం కాదు, కోట లేనప్పుడు పట్టడం. ఇంకొందరు చివరి యుగాలను చూపిస్తారు: బాంబర్ విమానాలు వచ్చాక గోడలకు విలువేముంది? ఐదో భాగంలో ఆర్టిలరీ మూడు గళ్ల దూరం కొడుతుంది, నగరం రెండు గళ్లే కొట్టగలదు. అవతల నిలబడి తాపీగా కూల్చేయవచ్చు. కూల్చవచ్చు కానీ పట్టలేరు. విమానం ఎంత బాంబు వేసినా నగరం బలం సున్నాకు చేరుతుందే తప్ప జెండా మారదు. చేతిపోరు దళం ఒకటి నడిచి లోపలికి పోవాలి. ఆ దళం నగరం పక్క గడికి బతికి చేరడమే మళ్లీ దారి సమస్య. సున్నా అయిన నగరం ముందు విమానాలు తిరుగుతూ, గుర్రపు దళం ఇంకా నాలుగు గళ్ల వెనక అడవిలో ఉండిపోయి, ఈలోగా నగరం కోలుకున్న ఆటలు అందరికీ అనుభవమే.

మూడోది: మనకు ఎదురాడే కంప్యూటర్ యంత్రం బుర్ర మందం, దాన్ని ఓడించి యుద్ధతంత్రం తెలిసిందనుకోవడం భ్రమ అంటారు. యంత్రం మందమనేది నిజం. చుట్టుముడుతున్నారని తెలిసినా అది గోడ లోపలి దళాన్ని బయటికి పంపి చంపించుకుంటుంది. అయితే నేను చెప్పిన లెక్క యంత్రం తెలివి మీద ఆధారపడలేదు. వంతుకు ఇరవై పాయింట్లు పూడటం, చుట్టుముడితే ఆగటం ఆట నియమాలు, ఎదురుగా యంత్రం ఉన్నా మనిషి ఉన్నా అవే. మనిషి ఎదురుంటే దారులు మూయడం ఇంకా కష్టం, అందుకే ఇంకా విలువైనది. ఆట అబద్ధం చెప్పే చోటు వేరే ఉంది. గళ్ల ఆటలో రసదు దాదాపు కనిపించదు, బోధన్ నుంచి ఓరుగల్లు దాకా ఎడ్లబళ్లు తోలాల్సిన పని మనకు పడదు. పైగా శత్రువు పొలాన్ని కొల్లగొడితే మన దళం గాయాలు మానతాయి. పొలం గడి నల్లబడుతుంది, అంతే. ఆ గడిలో ఎవరు దున్నుతున్నారో ఆట చెప్పదు. ఓరుగల్లు కోట నుంచి చేలకు తిరిగిపోయిన రైతులను ఇసామీ ఒక్క వాక్యంలోనైనా చెప్పాడు. ఆటను బడిగా తీసుకునేవారు ఈ లోటును గుర్తుపెట్టుకోవాలనే అంటాను. కానీ ఆ లోటు నా వాదనను బలహీనపరచదు. ఎడ్లబళ్లను లెక్కలోకి తెస్తే దారికి విలువ పెరుగుతుందే తప్ప తగ్గదు.

పట్టుకున్న తర్వాతి సంగతి ఆటల్లో ఇటీవలే బాగుపడింది. ఐదో భాగంలో నగరం చేతికి రాగానే సగం జనాభా పోయేది, కొన్ని వంతుల అలజడి తర్వాత అంతా సద్దుమణిగేది. 2018లో ఆరో భాగానికి వచ్చిన 'రైజ్ అండ్ ఫాల్' విస్తరణ విధేయత అనే కొలత తెచ్చింది. చుట్టుపక్కల ఊళ్లన్నీ పాత ప్రభువువైతే, కొత్తగా పట్టిన నగరం రోజురోజుకూ జారి చివరికి తిరగబడి స్వతంత్రమవుతుంది. ఇది చాలామందికి చిరాకు. ఇంత కష్టపడి గెలిచింది ఎవడో వచ్చి లాక్కోకుండానే పోతుందా అని. ఓరుగల్లు సరిగ్గా అలాగే పోయింది. 1323 తర్వాత దానికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు. ప్రతాపరుద్రుడిని ఢిల్లీకి తరలిస్తుండగా నర్మదా తీరాన ఆయన మరణించాడు. గోడలు, బురుజులు, గాదెలు అన్నీ కొత్త ప్రభువులవే. కానీ చుట్టుపక్కల పల్లెలూ, వాటి నాయకులూ వాళ్లవి కాలేదు. ముసునూరి ప్రోలయ నాయకుడు తీరాంధ్రలో మొదలుపెట్టిన తిరుగుబాటును కాపయ నాయకుడు ఓరుగల్లు దాకా తెచ్చాడు. 1330ల్లో ఢిల్లీ అధికారి మాలిక్ మక్బూల్ కోట వదిలిపోయాడు. ఐదు నెలలు ముట్టడించి తీసుకున్న కోట పదిహేనేళ్లు నిలవలేదు. అనుభవమున్న ఆటగాడు ఈ కారణంగానే పెద్ద నగరాన్ని ఒంటరిగా పట్టడు, దాని చుట్టూ ఉన్న రెండు మూడు చిన్న ఊళ్లను ముందుగానో వెంటనేనో కలుపుకుంటాడు.

చిన్న ఊళ్ల విలువ కాపయ నాయకుడి ఏలుబడిలో ఇంకోసారి తేలింది. 1347లో బహమనీ రాజ్యం పెట్టిన హసన్ గంగు 1350లో తెలంగాణ మీదికి వచ్చాడు. సంధికి అతను తీసుకున్నది ఓరుగల్లు కాదు. ఇప్పటి కామారెడ్డి జిల్లాలో, కొన్నేళ్ల కిందటి వరకు నిజామాబాద్ జిల్లాలో ఉన్న కౌలాస్ కోట. పటంలో చూస్తే అది బీదర్ వైపు నుంచి బోధన్ సీమకు వచ్చే దారి మీద ఉంటుంది. ఆటలో ఇలాంటి సరిహద్దు ఊరిని సంధిలో ఇచ్చేయడం చాలా తేలిక, జనాభా తక్కువ, ఆదాయం తక్కువ, పెద్ద నగరం దక్కింది కదా అనిపిస్తుంది. కాపయకూ అప్పటికి వేరే దారి ఉండకపోవచ్చు. కౌలాస్ చేతికి వచ్చాక బహమనీలు తర్వాతిసారి దారి కోసం పోరాడాల్సిన పని లేకపోయింది. 1360ల్లో రెండో సుల్తాను మహమ్మద్ షా వచ్చినప్పుడు కాపయ నుంచి రాయించుకున్నది గోల్కొండ.